పెట్టె మీది స్టిక్కరు, కాలి కింది తోలు



ప్రతి ఏటా మన వార్షికోత్సవ సంచికలో క్రమశిక్షణ గురించి ఒక వ్యాసం, కంప్యూటరు గురించి ఒక వ్యాసం, బాబాసాహెబ్ అంబేద్కర్ గారి మీద రెండు మూడు కవితలు ఉంటాయి. ఈసారీ ఉన్నాయి. మేము మాత్రం బూట్ల గురించి, బూట్ల కంపెనీల స్టిక్కర్ల గురించి రాస్తామని చెప్పినప్పుడు కమిటీలో కొందరు నవ్వారు. "మీకు ఇంకేమీ దొరకలేదా?" అన్నారు. దొరక్క కాదు మిత్రులారా, దీనికొక కారణం ఉంది.

వార్షికోత్సవానికి నెల ముందు మన గదులకు సున్నం వేయించారు. సున్నం ఆరిన మర్నాడు ఒక పెద్దాయన చూడడానికి వచ్చి, గోడ వెంబడి వరుసగా పెట్టిన మా ట్రంకు పెట్టెల దగ్గర ఆగారు. పెట్టెల మూతల మీద అంబేద్కర్ గారు ఉన్నారు, సినిమా హీరోలు ఉన్నారు, క్రికెట్ ఆటగాళ్లు ఉన్నారు. వాళ్ల మధ్యలో వాన్స్, డీసీ, ఎట్నీస్ అనే పేర్లు, ఒక పుర్రె, అరచేతిలో నోరు తెరిచి అరుస్తున్న ఒక నీలం చెయ్యి కూడా ఉన్నాయి. ఆయన వాటిని చూసి, "ఈ పుర్రెలేంది, ఈ చేతులేంది? సంగటికి లేనోళ్లకు ఫారిన్ బూట్ల సోకు! అన్నీ గీకేయండి" అన్నారు. మాలో కొందరు ఆ సాయంత్రమే బ్లేడు తీసుకుని గీకడం మొదలుపెట్టారు. సగం గీకాక ఆపేశాం. స్టిక్కరు పోయిన చోట రేకు తుప్పు బయటపడింది. అందం అటుంచి, ఆ తుప్పు బట్టలకు అంటుకుంటుందని మా భయం.

ఆపాక ఆలోచించాం. ఆయన అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. ఆ కంపెనీలన్నీ స్కేట్ బోర్డు ఆడేవాళ్లకు బూట్లు చేసినవి. స్కేట్ బోర్డు అంటే నాలుగు చిన్న చక్రాలున్న చెక్క పలక, దాని మీద నిలబడి దొర్లుతారు, ఎగురుతారు. మాలో ఒక్కడు కూడా దాన్ని చేత్తో ముట్టుకున్నవాడు లేడు, ఫోన్లో చూసినవాళ్లమే. పలక లేదు, బూటు లేదు, స్టిక్కరు మాత్రం ఉంది. ఇవి మాకు ఎక్కడివంటే, కొన్ని అనంతపురంలో రేడియం స్టిక్కర్ల షాపులో కొన్నవి. కొన్ని బెంగళూరులో పనిచేసే అన్నలు సండే బజారులో పాత బూట్లు కొన్నప్పుడు వెంట వచ్చినవి. అర్థం తెలియకుండానే అంటించుకున్నాం. తెలుసుకుని అంటించుకోవాలా, తెలుసుకుని గీకేయాలా అన్నది తేల్చుకోవడానికే ఈ వ్యాసం.

ముందు ఒక బూటు సంగతి చెప్పాలి. నిరుడు ఒక అన్న బెంగళూరు నుంచి డీసీ బూట్ల జత ఒకటి తెచ్చి మాలో ఒకడికి ఇచ్చాడు. పాతవే. ఎడమ కాలి బూటు బాగుంది, కుడి కాలి బూటు మాత్రం చిటికెన వేలు పక్కన చిల్లు పడేంతగా అరిగిపోయింది. వాడు దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు దాన్ని నాయనకు చూపించాడు. వాళ్ల నాయన మండల కేంద్రంలో బస్సులు ఆగే వేపచెట్టు కింద కూర్చుని చెప్పులు కుడతాడు. ఆయన ఆ బూటును వాసన చూశాడు, వంచి చూశాడు, చిల్లులో వేలు పెట్టి చూశాడు.

"ఇది తోలేరా. కానీ తిరగేసినారు. లోపలి మొహం బయటికి పెట్టినారు, అందుకే నూగు నూగుగా ఉండాది."

"ఎందుకు నాయనా అట్ల?"

"ఏమో, గట్టిగా పట్టు దొరకాలని ఉంటాది. ఒగటి చెప్తా విను. దీన్ని తొడుక్కున్నోడు నడిచి అరగ్గొట్టలేదు. నడిస్తే మడమ అరుగుతాది, లేకుంటే బొటనవేలి కింద అరుగుతాది. ఇది పక్కన అరిగింది. ఆ పిల్లోడు కాలు పక్కకు ఒంచి దేనికో రుద్దినాడు. ఒగసారి కాదు, వెయ్యిసార్లు రుద్దినాడు."

ఆ మాట వాడు హాస్టల్‌కి వచ్చి చెప్పాక మేము ఫోన్లో వెతికి చూశాం. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. స్కేట్ బోర్డు ఆటలో 'ఆలీ' అనే ఎగురుడు ఒకటుంది. 1970ల చివర్లో అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన అలన్ గెల్ఫాండ్ అనే కుర్రాడు దాన్ని కనిపెట్టాడు. అతని ముద్దుపేరే ఆ ఎగురుడికి పేరైంది. వెనక కాలితో పలక తోకను నేలకు కొట్టి, ముందుకాలి బూటు పక్క భాగాన్ని పలక మీద పైకి ఈడుస్తూ గాల్లోకి లేస్తారు. జారకుండా ఆ పలక మీద గరుకు కాగితం అంటించి ఉంటుంది. మన వడ్రంగులు చెక్క రుద్దే ఉప్పుకాగితం లాంటిదే. ప్రతి ఎగురుడికీ ఆ కాగితం బూటు పక్కను కొరుకుతుంది. గుడ్డ బూటైతే కొద్ది రోజుల్లో చిరుగుతుంది. అందుకే స్కేట్ బూట్లకు స్వెడ్ తోలు వచ్చింది. స్వెడ్ అంటే అదే, తోలు లోపలి మొహం. 1980ల్లో కొన్ని కంపెనీలు సరిగ్గా ఆ చిటికెన వేలు దగ్గర అదనపు రబ్బరు ముక్క వేసి అమ్మాయి. కొనలేని కుర్రాళ్లు బంక పూసుకున్నారు, టేపు చుట్టుకున్నారు.

ఆ ఆట పేరు కూడా ఎన్నడూ వినని మనిషి, వేపచెట్టు కింద కూర్చుని, ఒక చిల్లును చూసి ఇదంతా చెప్పాడు. దాన్ని విద్య అనకపోతే మరి దేన్ని అంటారు? ఆ చిల్లుకు ఆయన పాత తోలుసంచి ముక్క లోపలినుంచి పెట్టి రెండు వరుసల కుట్టు వేశాడు. వాడు ఇప్పటికీ ఆ బూట్లే తొడుక్కుని తిరుగుతున్నాడు.

ఇక ఆ పేర్ల చరిత్ర. వాన్స్ కంపెనీ 1966 మార్చి 16న కాలిఫోర్నియాలోని అనహైమ్ పట్టణంలో మొదలైంది. పెట్టినవాళ్లలో ముఖ్యుడు పాల్ వాన్ డోరెన్. బడి చదువు మధ్యలో ఆపేసి, బూట్ల ఫ్యాక్టరీలో కూలీగా చేరి పైకొచ్చిన మనిషి. ముందు భాగంలో అంగడి, వెనక ఫ్యాక్టరీ. తొలిరోజు వచ్చిన కొద్దిమంది తమకు కావలసింది చెప్పి వెళితే సాయంత్రానికి కుట్టి ఇచ్చారట. ఎవరైనా తమకు నచ్చిన గుడ్డ తెచ్చి ఇస్తే దానితోనే బూటు చేసి ఇచ్చేవారు. మన ఊర్లో దర్జీకి గుడ్డ ఇచ్చినట్టే. మందమైన రబ్బరు అడుగు, దాని మీద అచ్చు గళ్లు. ఆ రబ్బరును గుడ్డకు అంటించాక పొయ్యిలో పెట్టి ఉడికిస్తారు, అప్పుడు రెండూ ఒకటైపోతాయి. ఆ అడుగు పలకను గట్టిగా పట్టుకుంటుందని తెలిసింది కంపెనీ వాళ్లకు కాదు, వీధిలో ఆడుకునే పిల్లలకు. ఒక కాలి బూటు ముందు అరిగిపోతే ఆ ఒక్కటే అమ్మేవాళ్లని వాళ్ల చరిత్రలో చెప్పుకుంటారు. ఇది చదివినప్పుడు మాకు భలే అనిపించింది. తెగిన చెప్పును మాత్రమే బాగుచేసి ఇచ్చే మన వేపచెట్టు అంగడి లెక్క కూడా ఇదే కదా!

ఆ పిల్లలు ఎక్కడ ఆడారో తెలిస్తే మన జిల్లావాళ్లు ఎవరైనా ఒక క్షణం ఆగుతారు. 1976, 1977 సంవత్సరాల్లో కాలిఫోర్నియాలో కరువొచ్చింది. అవును, కరువే. నీళ్ల వాడకం మీద ఆంక్షలు పెట్టారు. కలిగినవాళ్ల ఇళ్ల వెనక ఈత కొట్టే తొట్లు ఎండిపోయాయి. వాటి అడుగు గిన్నెలాగా గుండ్రంగా ఉంటుంది. శాంటా మోనికా వైపు పేద పేటల్లో పెరిగిన కుర్రాళ్లు గోడలు దూకి ఆ ఎండిపోయిన తొట్లలోకి దిగి, పలకల మీద గోడ అంచుదాకా ఎక్కి దిగడం నేర్చుకున్నారు. ఆ ఆట ఇవాళ ఒలింపిక్స్ దాకా పోయిందంటే దాని మూలం ఆ ఎండిన తొట్లలో ఉంది.

మనకు ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. చెరువు ఎండితే చెనక్కాయ పోతుంది, అప్పు మిగులుతుంది, అమ్మానాయనలు బెంగళూరుకు బస్సెక్కుతారు, మేము హాస్టల్‌కి వస్తాం. వాళ్ల కరువూ మన కరువూ ఒకటే అని మేము అనడం లేదు. వాళ్లకు ఎండింది ఈత తొట్టి, మనకు ఎండింది తాగే నీళ్ల బోరు. కానీ ఎండిన చెరువు అడుగున నెర్రెలు లేని చోటు చూసి వికెట్లు పాతుకుని క్రికెట్ ఆడినవాళ్లం మేము. పెద్దలు ఆకాశం వైపు చూస్తుంటే పిల్లలు నేలను చూసి ఆట కనిపెట్టడం ఏమిటో మాకు బాగా తెలుసు.

1976లోనే వాన్స్ కంపెనీ టోనీ అల్వా, స్టేసీ పెరాల్టా అనే ఇద్దరు ఆటగాళ్లను అడిగి, వాళ్లు చెప్పినట్టు చీలమండ చుట్టూ మెత్త పెట్టి ఒక బూటు చేసింది. గళ్ల బూటు కథ ఇంకా బాగుంటుంది. పిల్లలు బూటు పక్క తెల్ల రబ్బరు మీద పెన్నుతో నలుపు తెలుపు గళ్లు గీసుకోవడం యజమాని కొడుకు చూశాడు. కంపెనీ ఆ గళ్లనే గుడ్డ మీద అచ్చేసి అమ్మింది. 1982లో ఒక హాలీవుడ్ సినిమాలో కనబడ్డాక అవి దేశమంతా పాకాయి. మేము బడిలో తెల్ల కాన్వాస్ బూట్ల మీద బాల్ పెన్నుతో గీతలు గీసి డ్రిల్లు సారు చేత దెబ్బలు తిన్నాం. మా గీతలు ఎవరూ అచ్చేయలేదు. బూటు తెల్లబడడానికి సుద్దముక్క రుద్దించారు, అంతే. (ఆ తెల్ల కాన్వాస్ బూటుకూ చరిత్ర ఉంది. బాటా కంపెనీ మన దేశపు బడి పిల్లల డ్రిల్లు కోసమే 1936లో దాన్ని తయారు చేసింది. బాటా మన దేశపు కంపెనీయే అనుకునేవాళ్లం. అది 1894లో ఇప్పటి చెక్ దేశంలో పుట్టింది.)

తర్వాత కథ డబ్బు కథ, త్వరగా చెప్పేస్తాం. వాన్స్ అన్ని ఆటలకూ అన్ని రకాల బూట్లు చేయబోయి 1984లో దివాలా తీసింది. పెద్దాయన తిరిగొచ్చి మూడేళ్లలో అప్పులన్నీ తీర్చాడు. 1986లో ఫ్రాన్సులో ఎట్నీస్ పుట్టింది. 1994లో కెన్ బ్లాక్, డామన్ వే అనేవాళ్లు డీసీ పెట్టారు. లాభం కనబడేసరికి పెద్ద చేపలు వచ్చాయి. నైకీ 2002లో స్కేట్ బూట్ల విభాగం పెట్టింది, 2003లో కాన్వర్స్‌ను కొనేసింది. 2004లో వాన్స్‌ను వీఎఫ్ అనే కంపెనీ, డీసీని క్విక్‌సిల్వర్ అనే కంపెనీ కొనుక్కున్నాయి. వెనక ఫ్యాక్టరీ ముందు అంగడి అనే పద్ధతి ఎప్పుడో పోయింది. కుట్టే పని ఆసియా దేశాలకు వచ్చింది.

మరి స్టిక్కరు? పలక కొనాలంటే డబ్బు కావాలి, బూటు కొనాలంటే డబ్బు కావాలి. స్టిక్కరు చాలాసార్లు ఊరికే వచ్చేది, కొన్నదాంతో పాటు కవరులో వేసి ఇచ్చేవాళ్లు. ఏమీ కొనలేని పిల్లవాడికి కూడా ఒకటి దొరికేది. వాడు దాన్ని పుస్తకం మీదో, మంచం మీదో, వీధి స్తంభం మీదో అంటించేవాడు. మా పెట్టె మీద అరిచే నీలం చెయ్యి ఉందే, దాన్ని 1985లో జిమ్ ఫిలిప్స్ అనే చిత్రకారుడు శాంటా క్రూజ్ అనే పలకల కంపెనీ కోసం గీశాడు. పలక అడుగున వేసిన బొమ్మా, స్టిక్కరూ ఆటలో గీసుకుపోయి మాసిపోతాయి. అందుకే అంటించకుండా మిగిలిన పాత స్టిక్కర్లకు ఇప్పుడు గిరాకీ. వాటిని వెతికి వెతికి కొని దాచుకునేవాళ్లు ఉన్నారు. 1989లో షెపర్డ్ ఫెయిరీ అనే విద్యార్థి స్కేట్ బోర్డుల షాపులో పనిచేస్తూ ఒక మల్లయోధుడి ముఖంతో స్టిక్కరు చేసి ఊరంతా అంటించాడు. ఆ స్టిక్కరు దేన్నీ అమ్మదు. ఊరికే 'నేను ఇక్కడున్నాను' అంటుంది. 2008లో ఒబామా ఎన్నికల బొమ్మ గీసి ప్రపంచానికి తెలిసినవాడు అతనే.

'నేను ఇక్కడున్నాను' అనడానికే కదా మేము కూడా అంటించుకున్నది! గదిలో పెట్టెలన్నీ ఒకే రంగు, ఒకే కొలత. దుప్పట్లు ఒకటే, పళ్లేలు ఒకటే, తలకు క్షవరం కూడా ఒకటే. ఇది నా పెట్టె అని చెప్పడానికి తాళం సరిపోదు.

అలాగని మేము అంతా సమర్థించడం లేదు. మాలో ఒకడు నెలకు వచ్చే కాస్మొటిక్ చార్జీలకు ఇంకొంత అప్పు కలిపి పేరున్న కంపెనీ బూట్లని నమ్మి డూప్లికేటువి కొన్నాడు. పది రోజుల్లో అడుగు నోరు తెరిచింది. ఆ నెలంతా పక్కవాడి సబ్బుతో స్నానం చేశాడు. ఇంకొకడు పేరు లేని చెప్పులతో ఉన్నవాడితో కలిసి నడవడం మానేశాడు. స్టిక్కరు మనిషిని తక్కువ చేసే దగ్గరికి వస్తే దాన్ని బ్లేడుతో గీకాల్సిందే. అక్కడ ఆ పెద్దాయన మాటే మా మాట.

కానీ ఆయన మాటలో ఒకటి మాకు ముల్లులా గుచ్చుకుంది. 'బూట్ల సోకు' అన్నారు. మన వాడల్లో పాదరక్ష ఎప్పుడు సోకు అయ్యింది? మా జేజినాయనల కాలంలో చెప్పులు తొడుక్కుని పెద్ద కులాల వీధిలో నడవకూడదు. వీధి మొదట్లో విప్పి చేత పట్టుకోవాలి. రాయలసీమలో మెట్లు అంటామే, ఆ మెట్లు ఊరందరికీ కుట్టి ఇచ్చినవాళ్లు, తమ కాళ్లకు తొడుక్కుని ఆ ఊరి నడివీధిలో నడవలేకపోయారు. సున్నం నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీయడం, తంగేడు చెక్క దంచి లందలో వేసి తోలు ఊనబెట్టడం, రంపెతో కోసి ఆరెతో కుట్టడం, ఇదంతా వాళ్ల విద్య. మన కరువు నేలలో ఎవరూ నీళ్లు పోయకుండా పెరిగే చెట్టు తంగేడు. ఆ చెక్కలోని వగరే తోలును కుళ్లకుండా ఆపుతుంది. ఊర్లో కపిల బావులు నడిచిన రోజుల్లో నీళ్లు తోడే తోలుబాన కుట్టింది వాళ్లే. అంటే పైరుకు పోయిన ప్రతి చుక్కా వాళ్ల కుట్టు మీదుగా పోయింది. కరెంటు మోటార్లు వచ్చాక కపిల పోయింది, ప్లాస్టిక్ చెప్పులు వచ్చాక మెట్లు పోయాయి. పని పోయింది గాని పనికి అంటిన పేరు పోలేదు.

ఆ పేరు ఎలాంటిదో చెబుతాం. పశువుల తోలు ఒలిచేవాళ్ల, తోలు ఊనబెట్టేవాళ్ల పిల్లలకు, పాకీ పనివాళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వం 1977-78లో ఒక స్కాలర్‌షిప్ పెట్టింది. మొదట్లో అది హాస్టల్ పిల్లలకే, 1991 నుంచి ఇంటి నుంచి బడికి పోయేవాళ్లకు కూడా ఇచ్చారు. మంచి పథకమే, ఎందరో దానితో చదువుకున్నారు. దాని పేరు మాత్రం 'అపరిశుభ్ర వృత్తులలో ఉన్నవారి పిల్లలకు' అని. పేరు తర్వాత మార్చారు. కానీ ఎన్నో ఏళ్లపాటు డబ్బు కావాలంటే ఆ స్టిక్కరు నుదుటి మీద అంటించుకోవాల్సి వచ్చింది. ఆ పెట్టె మీది స్టిక్కరైనా మాకు నచ్చి అంటించుకున్నది. ఇది మమ్మల్ని అడక్కుండా అంటించింది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. హాస్టల్ దరఖాస్తులో 'తండ్రి వృత్తి' అనే గడి ఉంటుంది. చెప్పులు కుట్టేవారి పిల్లలం మేము చాలామంది అక్కడ 'కూలి' అని రాశాం. ఎవరూ రాయమనలేదు, మేమే రాశాం. ఎక్కడో అమెరికాలో బూట్లు కుట్టి అమ్మిన వాన్ డోరెన్ పేరులో ముక్కను పెట్టె మీద మెరిసే అక్షరాలతో అంటించుకున్నాం, చెప్పులు కుట్టే నాయన సంగతిని అదే పెట్టె లోపల బట్టల కింద దాచాం. ఇది గుర్తుకొచ్చిన రోజు గదిలో చాలాసేపు ఎవరం మాట్లాడుకోలేదు.

కుట్టిన చెయ్యి కనబడకుండా పేరు మాత్రం ఊరేగడం ఇవాళ్టిది కాదు. మన రాష్ట్రంలోనే తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో ఆడిడాస్ బూట్లు తయారవుతాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. బూటు నాలుక లోపల దేశం పేరు ఉంటుంది, కుట్టిన పిల్ల పేరు ఉండదు. 2025 జూన్‌లో ఇటలీలోని మిలాన్ నగరంలో ప్రాడా అనే కంపెనీ అచ్చం కొల్హాపురి చెప్పుల్లాంటివి ప్రదర్శించి, అవి ఎక్కడివో చెప్పలేదు. కొల్హాపురికి 2019లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో గోల మొదలయ్యాక గాని ఆ కంపెనీ వాటికి మూలం భారతదేశపు చేతివృత్తేనని ఒప్పుకోలేదు. అడిగితే ఒప్పుకున్నారు. అడగకపోతే? మన రాయలసీమ మెట్లకు ఎవరు అడుగుతారు?

మరొక్క సంగతి. ఈ ఆట మన దేశానికి రాలేదనుకోకండి. మనకు దగ్గర్లోని బెంగళూరులో 2013లో హోలీస్టోక్డ్ బృందం కుర్రాళ్లు తమ చేతులతో సిమెంటు కలిపి ఒక ఆటస్థలం కట్టుకున్నారు. 2015లో మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ అనే పల్లెలో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ స్కేట్ పార్కు కట్టించింది. అక్కడ గోండు ఆదివాసుల పిల్లలు, యాదవుల పిల్లలు అంతకు ముందు కలిసి ఆడేవాళ్లు కారు. ఆటస్థలంలో రెండే నియమాలు: ఆడపిల్లలు ముందు, బడికి రానివాళ్లకు పలక లేదు. ఆ పల్లె నుంచి ఆశా గోండ్ 2018లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచ పోటీకి వెళ్లింది. తమిళనాడులోని మహాబలిపురంలో కమలి అనే చిన్న పాప గౌను వేసుకుని, చెప్పులు కూడా లేకుండా, ఉత్త పాదాలతో పలక మీద వాలులో దిగుతున్న ఫోటోను టోనీ హాక్ అనే పెద్ద ఆటగాడు ప్రపంచానికి పంచాడు. ఆమె మీద తీసిన చిన్న సినిమా 2019లో వచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆటలో బంగారు పతకం గెలిచిన జపాన్ అమ్మాయి మోమిజి నిషియా వయసు 13. మన ఎనిమిదో తరగతి వయసు!

కమలి పాదాలను చూసి కొందరు ముచ్చటపడ్డారు. మాకు ముందు ఆ పాదాలకు వేడి తగలలేదా అనిపించింది. ఏప్రిల్ నెలలో మన బడి దారి తారురోడ్డు మీద ఒట్టి కాళ్లతో నడిచినవాళ్లకు వచ్చే ఆలోచన అది.

ఇక మా మనవి. పెట్టెల మీది స్టిక్కర్లు గీకించవద్దని కమిటీ పెద్దలను కోరుతున్నాం. ఈ సంవత్సరం నుంచి దరఖాస్తులో తండ్రి వృత్తి గడిలో ఉన్నది ఉన్నట్టు రాస్తామని మాలో కొందరం అనుకున్నాం. అందరూ ఒప్పుకోలేదు, ఒప్పుకోనివాళ్లను మేము బలవంతపెట్టం. వాళ్ల భయానికి కారణాలు వాళ్లకున్నాయి.

పూర్వ విద్యార్థి అన్నలారా! మీరు ప్రతి వార్షికోత్సవానికి షీల్డులు, శాలువాలు తెస్తున్నారు. మీ ప్రేమకు కృతజ్ఞులం. కానీ షీల్డులు పెట్టడానికి ఇప్పుడు మన బీరువాలో చోటు లేదు. వచ్చే ఏడు వాటి బదులు, ఇక్కడ చదివే ఒక్కో పిల్లవాడికి ఒక్కో జత చొప్పున కొలతకు కుట్టించిన చెప్పులు ఇప్పించండి. సైజు నెంబరు చెప్పి సంచిలో తెచ్చేవి కాకుండా, పాదం చూసి కుట్టినవి. కుట్టడానికి మా నాయనలలో కొందరు సిద్ధంగా ఉన్నారు. కూలి మాత్రం పూర్తిగా ఇవ్వాలి. కొడుకు హాస్టల్ కదా అని తగ్గించమని అడగకూడదు.

ఆ చెప్పుల కోసం ఒక స్టిక్కరు కూడా రాయించాం. తంగేడు పువ్వు, దాని కింద ఆరె, ఆ కింద కుట్టినవారి పేరు, ఊరు రాసుకోవడానికి ఖాళీ. రేడియం షాపు ఆయన బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది ఏ పార్టీది తమ్ముడూ?" అని అడిగాడు. మా నాయనలదని చెప్పాం. ఐదు రూపాయలు తగ్గించాడు.

కొలతల నోటు పుస్తకం వార్షికోత్సవం రోజున భోజనశాలలో నీళ్ల డ్రమ్ము పక్క బల్ల మీద ఉంటుంది. పెన్సిలు దారంతో కట్టి పెడతాం. చిన్న తరగతుల పిల్లల్ని ఒక్కొక్కరిగా నిలబెట్టి పాదం చుట్టూ గీత గీయాలి, అన్నలెవరైనా సాయానికి కూర్చుంటే పని త్వరగా అవుతుంది. కుడి కాలు, ఎడమ కాలు రెండూ విడివిడిగా గీయాలి. ఏ మనిషికీ రెండు పాదాలూ ఒకే కొలత ఉండవని మా వాడి నాయన మరీ మరీ చెప్పి పంపించాడు.